మిన్నెసోటా చలి నుంచి టూసాన్ ఎండలోకి

పోయిన ఎపిసోడ్‌లో బాత్రూములో పట్టుకునే కడ్డీలు ఎక్కడ బిగించుకోవాలి, ఎంత ఎత్తులో బిగించుకోవాలి అని మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నాకు ఫోన్ చేసినవాళ్ళు మాత్రం కడ్డీల సంగతి వదిలేసి ఇంకోటి అడిగారు. "ముప్ఫై ఏళ్ళు మిన్నెసోటాలో ఉన్నారు, ఇల్లుంది, కూతురుంది, అన్నీ వదిలేసి అరిజోనాకి ఎందుకు వెళ్ళిపోయారండీ?" అని. చికాగో నుంచి ఒకావిడ అయితే, "మా ఆయనకీ పోలియో కాలే, నవంబరు వస్తే మనిషి మంచం దిగడు, మేమూ వచ్చేయమంటారా?" అని అడిగింది. ఆవిడకి ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఔనంటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు. అందుకని ఈరోజు మొత్తం చెప్తాను. విని మీరే తేల్చుకోండి.

నాకు పోలియో వచ్చింది 1963లో, రెండేళ్ళ వయసులో. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. జ్వరం వచ్చిందని ఊళ్ళో ఉన్న డాక్టరు తుంటికి ఇంజెక్షన్ చేశాడు, రెండు రోజుల్లో ఎడమ కాలు పడిపోయింది. మా అమ్మ పోయేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది. పోలియో వైరస్ ఒంట్లో ఉన్న సమయంలో కండకి ఇంజెక్షన్ చేస్తే ఆ కాలు చచ్చుపడే ప్రమాదం పెరుగుతుందని పెద్దయ్యాక చదివాను. ఆయనకీ తెలిసుండదు పాపం. మన దేశపు టీకాల కార్యక్రమంలోకి పోలియో చుక్కలు వచ్చిందే 1979లో. తొడ దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న క్యాలిపర్ వేసుకుని బడికెళ్ళాను, కాలేజీకెళ్ళాను, పెళ్ళి చేసుకున్నాను. 1989లో మా ఆయన ఉద్యోగం మీద మినియాపొలిస్ వచ్చాం.

మీరు నమ్మరు గానీ, పాతికేళ్ళ పైన ఆ చలి నన్నేమీ చేయలేదు. ఎందుకో చెప్తాను, ఇది ముఖ్యం. నా ఉద్యోగం డౌన్‌టౌన్‌లో. మినియాపొలిస్ డౌన్‌టౌన్‌లో స్కైవేలు అని ఉంటాయి. ఒక భవనం రెండో అంతస్తు నుంచి రోడ్డు మీదుగా పక్క భవనానికి గాజు వంతెన. అలా మైళ్ళ కొద్దీ, పదుల భవనాలు కలిపేశారు. బయట మైనస్ ఇరవై ఉన్నా లోపల చీరలో తిరగొచ్చు. కారు లోపలే పార్క్ చేసి, ఆ వంతెనల మీద మోచేతి కర్రలతో రోజూ నడిచేదాన్ని. బ్యాంకు, కాఫీ, పోస్టాఫీసు అన్నీ అక్కడే. నా కాలికి వ్యాయామం చేయించింది ఏ జిమ్మూ కాదు, ఆ స్కైవేలే. అప్పట్లో నాకా సంగతి తెలియదు.

2016లో ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. పోస్ట్ పోలియో. పోలియో వచ్చి తగ్గిన ఎన్నో ఏళ్ళ తర్వాత కొత్తగా నీరసం, నొప్పి, ఉన్న బలం కూడా జారిపోవడం. పదిమంది చేసే పొలం పని నలుగురే చేస్తూ వచ్చారనుకోండి. నలభై ఏళ్ళు లాగారు. తర్వాత వాళ్ళూ ఒక్కొక్కరే కూలబడతారు. మిగిలిన నరాల కణాలది అదే కథ. దీన్ని చూసిన డాక్టర్లు కూడా తక్కువే ఇప్పుడు. మన దేశంలో 2011 జనవరి తర్వాత సహజంగా వచ్చే పోలియో కేసే లేదు. మంచిదే, కానీ మాలాంటి పాతవాళ్ళు వెళ్తే కుర్ర డాక్టరు మమ్మల్ని మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూస్తాడు.

సరే, ఉద్యోగం మానేశాక నేను శివార్లలో మా ఇంట్లో ఉండిపోయాను. స్కైవే లేదు. చలి అప్పుడు తెలిసింది నాకు.

పోలియో కాలికి చలి ఎందుకు పడదంటే, కండ లేదు కదా, కండ కదిలితేనే రక్తం పైకి వెళ్తుంది. కదలని కాల్లో రక్తం నిలిచిపోయి, చల్లబడి, వంకాయ రంగుకి తిరుగుతుంది. చల్లబడిన కండ ఉన్న బలం కూడా చూపించదు. లోపలికొచ్చి గంటసేపు దుప్పటి కప్పుకున్నా వేడెక్కదు. స్పర్శ మాత్రం పోదు పోలియోలో, కాబట్టి ఆ నొప్పంతా బాగా తెలుస్తుంది.

ఇక బయట. మంచు ఊడ్చే బండి రోడ్డు శుభ్రం చేస్తుంది, ఆ గుట్టంతా తెచ్చి మలుపులో పోస్తుంది. సరిగ్గా ఫుట్‌పాత్ వాలుగా దిగే చోట. వీల్‌చైర్ వాళ్ళ కోసం కట్టిన వాలు మీదే మంచు గుట్ట! షాపుల ముందు మన నీలం గీతల పార్కింగ్ ఉంటుంది చూడండి, ఎవరూ వాడట్లేదు కదా అని మంచు అక్కడ పోగేస్తారు. ఎవరూ వాడట్లేదంటే, వాడేవాళ్ళు ఇంట్లోంచి బయటికి రాలేకపోతున్నారని కదా అర్థం?

2017 జనవరిలో పడ్డాను. కర్ర చివర మంచులో గుచ్చుకునే ఇనుప ముల్లు ఒకటి బిగించుకుంటాం. బయట కిందకి దించాలి, లోపలికెళ్ళే ముందు పైకి మడవాలి, లేకపోతే నున్నటి గచ్చు మీద అదే జారుస్తుంది. షాపు దగ్గరకొచ్చేశాను కదా అని రెండడుగులు ముందే మడిచాను. ఆ రెండడుగుల్లో కంటికి కనబడని గాజుమంచు. ఎడమ తొడ ఎముక విరిగింది. వాడని కాలి ఎముక సన్నగా, గుల్లగా ఉంటుంది, అతకడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

ఎముక అతికింది గానీ నేను అతకలేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా బయటికి రావడం మానేశాను. భయం. వేసవిలో కాస్త పుంజుకోవడం, చలికాలంలో అది పోగొట్టుకోవడం. అసలు బాధ ఎక్కడంటే, ప్రతి ఏడూ పోయినంత తిరిగి రాలేదు. వంద పోతే ఎనభై వచ్చేది.

అప్పుడు మా ఆయన ఒక పని చేశాడు. వంటింట్లో తెలుగు క్యాలెండరు ఉండేది, తిథులూ వర్జ్యాలూ ఉన్నది. నేను గడప దాటిన రోజుకి చుట్టూ సున్నా చుట్టడం మొదలెట్టాడు. నాకేం చెప్పలేదు. 2019 జనవరి అయిపోయాక తీసి చూపించాడు. ఐదు సున్నాలు. అందులో మూడు డాక్టరు దగ్గరికి. ఆ నెలాఖరుకే మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారన్‌హీట్ పడింది, గుర్తుందా? ఆరోజు నేను కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు.

"వెచ్చగా ఉండాలంటే మన ఊరుంది కదమ్మా, అరిజోనా దేనికి?" అని అడుగుతారు చాలామంది. వెళ్ళానండీ. ఎముక విరిగిన ఏడాది చివర, డిసెంబరు నుంచి పదకొండు వారాలు గుంటూరులో మా తమ్ముడింట్లో ఉన్నాను. కాలు హాయిగా ఉంది. రంగు మారలేదు, నొప్పి లేదు. కానీ ఆ పదకొండు వారాలూ నేను వరండాలో కుర్చీలో కూర్చున్నాను. మా మరదలు బంగారం. "వదినా, లేవకు, నేను తెస్తా" అనేది. మంచినీళ్ళు కూడా చేతికే. వీధిలోకి వెళ్దామంటే గేటు దగ్గర మూడు మెట్లు, కడ్డీ లేదు. మెట్లు దిగితే కాలవ, కాలవ మీద ఊగే బండ. ఫుట్‌పాత్ ఉన్నచోట టిఫిన్ బండి. "ఎక్కడికెళ్ళాలో చెప్పక్కా, కారు తీస్తా" అనేవాడు తమ్ముడు. నాకెక్కడికీ వెళ్ళక్కర్లేదురా, వంద గజాలు నా అంతట నేను నడవాలి అంటే వాడికి అర్థం కాలేదు. వాడి తప్పేం లేదు. తిరిగొచ్చాక ఫిజియోథెరపిస్టు కొలిస్తే, మినియాపొలిస్ చలికాలంలో పోయినంత బలమే అక్కడా పోయింది. ఎండ ఉంది, ప్రేమ ఉంది, చదునైన దారి లేదు.

కాబట్టి ఊరు వెతికేటప్పుడు మేం చూసింది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. 2019 ఫిబ్రవరిలో ఒక నెల అద్దెకి తీసుకుని టూసాన్ వచ్చాం. అరిజోనాలో ఫీనిక్స్ కంటే కాస్త ఎత్తు మీద, దాదాపు 2400 అడుగుల మీద ఉంటుంది ఈ ఊరు, అందుకని ఫీనిక్స్ కంటే కొంచెం చల్లన. జనవరిలో పగలు మన తెనాలి పుష్యమాసపు పొద్దులా ఉంటుంది. చలికాలానికి ఇక్కడికొచ్చి వేసవికి వెళ్ళిపోయేవాళ్ళని మంచు పక్షులు అంటారు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి గూడబాతులు వస్తాయి కదా, అలాగన్నమాట. తమాషా ఏంటంటే, మేం వచ్చిన ఆ నెల్లోనే ఒకరోజు టూసాన్‌లో కూడా మంచు పడింది! మా ఆయన తలుపు తీసి చూసి, "నీ కోసమే వచ్చినట్టుందే" అన్నాడు. మధ్యాహ్నానికి కరిగిపోయిందనుకోండి.

ఇక్కడ లూప్ అని ఒక దారుంది. 130 మైళ్ళకు పైగా ఉంటుంది, తారు వేసిన చదును దారి, కార్లు రావు. రిల్లిటో, శాంటా క్రూజ్ నదుల గట్ల వెంబడి వెళ్తుంది. నదులంటారు గానీ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని, మొదటిసారి చూసినప్పుడు నవ్వాపుకోలేకపోయాను. ఇళ్ళు కూడా ఒకే అంతస్తువి ఎక్కువ, నేలమాళిగలు అరుదు, గడప దగ్గర మెట్లు తక్కువ. ఇక్కడి అరిజోనా విశ్వవిద్యాలయంలో వికలాంగ క్రీడాకారుల జట్లు చాలా ఏళ్ళుగా ఉన్నాయి. అందువల్లేమో, లూప్ మీద చేతులతో తొక్కే సైకిళ్ళూ, పందెం వీల్‌చైర్లూ రోజూ కనబడతాయి. నన్నెవరూ తిరిగి చూడలేదు. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్న మనిషికి, వీధిలో ఎవరూ తనని తిరిగి చూడకపోవడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

అక్టోబరులో ఇల్లమ్మి వచ్చేశాం.

ఇప్పుడు అసలు కష్టం చెప్తాను. మా అమ్మాయి మినియాపొలిస్‌లోనే ఉంది. అప్పటికి మనవడికి మూడేళ్ళు, రెండో కాన్పు దగ్గరపడుతోంది. మేం చెప్పగానే, "అమ్మా, అందరి అమ్మలూ కాన్పుకి వస్తారు, నువ్వు కాన్పు ముందు వెళ్ళిపోతున్నావా?" అంది. నేను సమాధానం చెప్పలేదు. ఏం చెప్పను? ఇక్కడే ఉంటే రెండేళ్ళలో నీ పిల్లల్తోపాటు నన్నూ ఎత్తుకోవాల్సి వస్తుంది అని మనసులో ఉంది. పైకి అంటే బెదిరించినట్టుంటుంది. నాలుగు వారాలు నాతో మాట్లాడలేదు. కాన్పుకి మా ఆయనొక్కడే వెళ్ళాడు, ఆయన పెట్టిన చారుతోనే బాలింత పథ్యం అయింది. ఇప్పుడు పిల్లలు చలికాలం సెలవులకి వస్తారు, మనవడు నా సైకిల్ పక్కన స్కూటర్ తోసుకుంటూ వస్తాడు. అమ్మాయి బాగానే మాట్లాడుతుంది. కానీ ఆ మాట అది మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.

రెండోది, మనుషులు. ముప్ఫై ఏళ్ళలో సంపాదించిన స్నేహితులు సూట్‌కేసులో పట్టరు. 2022లో మా ఆయనకి గుండెకి స్టెంట్ వేశారు, నాలుగు రోజులు ఆసుపత్రి. మినియాపొలిస్‌లో అయితే ఈపాటికి ఫ్రిజ్ నిండా సాంబారు డబ్బాలు ఉండేవి. ఇక్కడ నేనొక్కదాన్నే, క్యాలిపర్ వేసుకుని, ఆసుపత్రి వరండాల్లో. మూడోరోజు పక్కింటి పెద్దావిడ తలుపు కొట్టి ఒక సూప్ గిన్నె చేతిలో పెట్టింది. ఉప్పూ కారం లేదు. ఏడుస్తూ తాగాను.

మూడోది నా తప్పు. చలికాలంలో చూసి ఇల్లు కొన్నాం. మీరు మాత్రం కొనే ముందు జూన్‌లో వచ్చి ఉండండి. వెచ్చని ఊరు అంటే ఏడాదంతా వెచ్చన కాదు, నాలుగు నెలలు నిప్పుల కొలిమి. నలభై డిగ్రీలు దాటుతుంది. 2020 వేసవి ఇక్కడివాళ్ళకే రికార్డు, మాకు అదే మొదటిది, పైగా కరోనా. కారులో వదిలేసిన కర్ర పిడి పట్టుకుంటే చేయి కాలింది. క్యాలిపర్ ప్లాస్టిక్ కింద చెమట పట్టి తొడ మీద పుండు పడింది, రెండు వారాలు వేసుకోలేదు, అంటే రెండు వారాలు నడక లేదు. ఇప్పుడు లోపల పల్చటి నూలు మేజోడు వేసి, మధ్యలో ఒకసారి మారుస్తాను. జూన్ నుంచి తెల్లవారుజామున ఐదింటికి వెళ్ళి ఏడింటికల్లా ఇంట్లో ఉంటాను. ఏసీ చెడిపోతే ఎలా అని పడగ్గదిలో రెండోది చిన్నది పెట్టించాం. బ్యాటరీ వీల్‌చైర్ ఉన్నవాళ్ళు దాన్ని ఎండలో ఆగిన కారులో అస్సలు వదలకండి.

ఇంకా ముఖ్యమైనది. నాకు వేడి పడింది, అందరికీ పడదు. మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవాళ్ళకి ఒళ్ళు వేడెక్కితే చూపు మసకబారుతుంది, కాళ్ళు ఇంకా బలహీనపడతాయి. వాళ్ళకి చల్లటి ఊరే నయం. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవాళ్ళకి దెబ్బ కింద ఒళ్ళు చెమట పట్టదు, వడదెబ్బ చాలా త్వరగా తగులుతుంది. చికాగో ఆవిడా, మీ ఆయనది పోలియోనే కాబట్టి చలి సంగతి నాలాగే ఉండొచ్చు, కానీ గుండె, బీపీ మందుల గురించి డాక్టరుని అడిగే కదలండి. కొన్ని మందులకి ఎండ పడదు.

కాగితాల గురించి క్లుప్తంగా. ఎస్.ఎస్.డి.ఐ. కేంద్రానిది, ఊరు మారినా అదే డబ్బు వస్తుంది. అది మొదలైన 24 నెలలకి మెడికేర్ వస్తుంది, అది కూడా ఏ రాష్ట్రమైనా పనిచేస్తుంది. కానీ అడ్వాంటేజ్ ప్లాన్ తీసుకుంటే అది ఊరికి కట్టుబడి ఉంటుంది, మార్చుకోవాలి. మెడికెయిడ్ మాత్రం రాష్ట్రానిది. ఇంటికొచ్చి సాయం చేసే మనిషి మెడికెయిడ్ మీద వస్తుంటే, రాష్ట్రం దాటగానే ఆగిపోతుంది, కొత్తచోట మళ్ళీ మొదట్నుంచి అప్లై చేయాలి, వరుసలో నిలబడాలి. ఇది తెలియక సామాను సర్దేసుకోకండి. క్యాలిపర్ బాగుచేసే మనిషిని కూడా ముందే వెతుక్కోండి. నాకిక్కడ నా కాలు అర్థమైన మనిషి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. అప్పటిదాకా పాతదానికి టేపు చుట్టుకుని తిరిగాను.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, వారంలో మూడు రోజులు లూప్ మీద చేతులతో తొక్కే మూడు చక్రాల సైకిల్. దానికి చిన్న మోటారు ఉంది. మోటారు ఎందుకు, కష్టపడితేనే కదా బలం అంటారు మా తమ్ముడిలాంటివాళ్ళు. పోస్ట్ పోలియోకి అది వర్తించదు. మిగిలిన నలుగురు కూలీల చేత పదిమంది పని చేయిస్తే వాళ్ళూ పోతారు. మర్నాడు పొద్దున లేవగానే అలసటగా ఉంటే నిన్న ఎక్కువ చేశానని లెక్క, ఆరోజు సెలవు. రెండు రోజులు వేడినీళ్ళ కొలను. నీళ్ళలో క్యాలిపర్ లేకుండా నడుస్తాను. మొదటిసారి ఈత దుస్తులు వేసుకోవాలంటే చచ్చేంత సిగ్గేసింది, సన్న కాలు అందరికీ కనబడుతుందని. యాభై ఎనిమిదేళ్ళు చీర కింద దాచిన కాలు. ఆ కొలనులో ఒకాయనకి రెండు కాళ్ళూ లేవు, నీళ్ళలో బంతి విసురుతూ "పట్టు" అని అరిచాడు. పట్టుకున్నాను. అంతే, అక్కడితో సరి.

క్యాలెండరు ఇప్పటికీ ఉంది, అమ్మాయి ప్రతి ఉగాదికి పంపిస్తుంది. సున్నాలు ఇప్పుడు నేనే చుట్టుకుంటున్నాను. మొన్న జనవరిలో ఇరవై ఆరు. జూలైలో పదకొండు. ఆ పదకొండు మీకు చెప్పకుండా ఇరవై ఆరే చెప్తే అబద్ధం చెప్పినట్టవుతుంది.

మా ఆయన కెమెరా వెనకనుంచి చెయ్యి ఊపుతున్నాడు, ఐదున్నర అయిందట, ఎండ వచ్చేలోపు సైకిల్ బయటికి తీయాలి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ సైకిల్ తెచ్చి చూపిస్తాను, ఎక్కడం దిగడం ఎలాగో. ఉంటానండీ, నమస్కారం.